ఆ డాల్ఫిన్ ఫొటో పక్కన అర్హతలు కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ చదువుల పేజీలో మెరైన్ బయాలజీ మీద ఒక వ్యాసం వేశారు. నీలం రంగు నీళ్లలో ముసుగు పెట్టుకుని ఈదుతున్న ఒక అమ్మాయి, ఆమె పక్కనే నవ్వుతున్నట్టు ఒక డాల్ఫిన్, కింద అవకాశాలకి కొదవ లేదని ఒక ముక్క. మా అక్క కూతురు ఆ పేజీని శుభ్రంగా కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకుంది. ఇంటర్ బైపీసీ అయింది, నీట్ రాయనని ముందే తెగేసి చెప్పింది, ఆ దెబ్బ నుంచి వాళ్ల నాన్న ఇంకా తేరుకోకముందే ఈ సముద్రం సంగతి వచ్చి పడింది. అప్పటి నుంచి మా బావ రోజూ ఫోన్ చేస్తున్నాడు. "ఏమ్మా, నువ్వు చదివింది అదే కదా, ఏ కాలేజీ మంచిదో ఒక్క ముక్కలో చెప్పెయ్, ఫీజు కట్టేస్తా" అంటాడు. ఒక్క ముక్కలో తేలేదైతే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

నేను మెరైన్ బయాలజీలో ఎమ్మెస్సీ చేసి 20 ఏళ్లు దాటింది. తర్వాత రెండేళ్లు రొయ్య పిల్లలని పుట్టించే హేచరీలో, మూడేళ్లు పర్యావరణ సర్వేలు చేసే ఒక కన్సల్టెన్సీలో పనిచేశాను. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. ఇన్నేళ్లలో నేను సముద్రంలో డాల్ఫిన్లని చూసింది నాలుగుసార్లు. అదీ చాలా దూరం నుంచి, మరబోటు అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటూ. ఈ చదువు చెడ్డదని చెప్పడానికి రాయడం లేదండీ, మళ్లీ పుడితే మళ్లీ ఇదే చదువుతానేమో. కానీ మీ వ్యాసంలో 12 ఉద్యోగాల పేర్లు ఉన్నాయి (నేను లెక్కపెట్టాను), ఆ 12లో ఒక్కదానికైనా ఏ డిగ్రీ అడుగుతారో, దరఖాస్తు ఎక్కడ పెట్టాలో ఒక్క వాక్యం లేదు. నా బాధ అంతా ఆ వాక్యం గురించే.

నాకు జరిగింది చెబుతాను. హేచరీ మానేశాక చేపల శాఖకి సంబంధించిన ఒక ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. ఏ ఆఫీసో చెప్పను, అక్కడ తప్పు మనుషులది కూడా కాదు. పరీక్ష బాగా రాశాను, సర్టిఫికెట్ల పరిశీలనకి పిలిచారు. ఫైలు పట్టుకుని ఉదయం 9 గంటలకే వెళ్లి కూర్చుంటే మధ్యాహ్నం భోజనాల తర్వాత నా వంతు వచ్చింది. ఆ గుమాస్తా గారు నా పట్టా రెండుసార్లు చదివి, "ఇందులో ఫిషరీస్ అన్న మాట లేదమ్మా" అన్నారు. రెండు పేపర్లు ఫిషరీసే చదివానండీ, మార్కుల జాబితా చూడండి, చేపల వయసు ఎలా కట్టాలో, ఒక తీరంలో ఎంత సరుకు మిగిలి ఉందో ఎలా లెక్కేయాలో అన్నీ వచ్చు అన్నాను. "అవన్నీ ఉండొచ్చు, డిగ్రీ పేరులో లేదు కదా" అన్నారు. పాపం ఆయన కూడా బాధపడుతూనే చెప్పారు. బస్టాండ్‌లో కూర్చుని ఏడ్చానని ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, మీ పేపర్ చదివితే తెలుస్తుంది.

కాబట్టి మా బావకి మొదట చెప్పింది ఇదే. కాలేజీ తర్వాత బావా, ముందు పట్టా మీద ఏ పేరు అచ్చవుతుందో చూడు.

మన దగ్గర సముద్ర జీవుల చదువు రెండు దారుల్లో నడుస్తుంది, ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. ఒకటి బి.ఎఫ్.ఎస్సీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫిషరీ సైన్స్. నాలుగేళ్లు, వ్యవసాయ కోర్సుల కోవలోకి వస్తుంది, మన రాష్ట్రంలో ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో సీటు ఇస్తారు, నీట్ అక్కర్లేదు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో 1991 నుంచి కాలేజీ ఉంది. నరసాపురంలో ఏకంగా ఫిషరీస్ యూనివర్సిటీయే పెట్టారు, 2020లో చట్టం చేశారు. తెలంగాణ పిల్లలకి వనపర్తి జిల్లా పెబ్బేరులో కాలేజీ ఉంది. సముద్రం లేని జిల్లాలో చేపల కాలేజీ ఏంటని నవ్వకండి, చెరువులు, రిజర్వాయర్లు ఉన్నాయి కదా. వేరే రాష్ట్రాల కాలేజీల్లో కొన్ని సీట్లు ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోటాలో ఉంటాయి, వాటికి ఇప్పుడు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి.

రెండోది మామూలు డిగ్రీ, జువాలజీయో ఆక్వాకల్చరో ఫిషరీసో మేజర్‌గా బీఎస్సీ, ఆ తర్వాత మెరైన్ బయాలజీలో ఎమ్మెస్సీ. నేను వెళ్లిన దారి ఇదే.

వినడానికి రెండోదే బాగుంటుంది. మెరైన్ బయాలజిస్ట్ అంటే పెళ్లిళ్లలో కూడా జనం కళ్లు పెద్దవి చేసి చూస్తారు, ఫిషరీ సైన్స్ అంటే "ఓహో చేపల చదువా" అని పులిహోర వైపు తిరిగిపోతారు. కానీ నోటిఫికేషన్ల దగ్గరికి వచ్చేసరికి వరస తిరగబడుతుంది. బ్యాంకుల్లో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకి, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ అడిగే నాలుగేళ్ల డిగ్రీల జాబితాలో ఫిషరీ సైన్స్ ఉంటుంది, మెరైన్ బయాలజీ బీఎస్సీకి అక్కడ చోటు లేదు. ఐసీఏఆర్ పరీక్ష రాసి ఎం.ఎఫ్.ఎస్సీలో, అంటే ఫిషరీ సైన్స్ మాస్టర్స్‌లో చేరాలంటే కింద బి.ఎఫ్.ఎస్సీ ఉండాలి. ముంబైలో సీఐఎఫ్‌ఈ అని చేపల చదువులకి దేశంలోనే పెద్ద సంస్థ ఉంది, అక్కడ మాస్టర్స్, పీహెచ్‌డీ మాత్రమే ఉంటాయి, కాకినాడలో కూడా వాళ్లకో కేంద్రం ఉంది. మూడేళ్ల బీఎస్సీ చేసిన పిల్ల ఎంత తెలివైనదైనా అక్కడ ఎం.ఎఫ్.ఎస్సీ గుమ్మం ఎక్కడం కష్టం. 17 ఏళ్ల వయసులో ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజున తీసుకున్న నిర్ణయం 25 ఏళ్లప్పుడు వచ్చి ఎదురు నిలబడుతుంది, ఆ రోజు మనకి ఈ మాట చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. నాకైతే లేరు.

మరి అందరూ బి.ఎఫ్.ఎస్సీలోనే చేరిపోవాలా అంటే అదీ కాదు. అందులో ఎక్కువ భాగం పెంపకం, మేత, రోగాలు, వలలు, ప్రాసెసింగ్, ఎగుమతులు. పిల్లకి తాబేళ్ల మీద, పగడాల మీద, అడుగు బురదలో ఉండే పురుగుల మీద మనసుంటే ఆ నాలుగేళ్లు చేపల మేతలో ప్రొటీన్ శాతాలు బట్టీపట్టి విసిగిపోతుంది. ఉద్యోగం కావాలా, ప్రశ్నలు వెతుక్కోవాలా అని ముందు పిల్లనే అడగాలి. మా బావ ఈ మాట అడగడానికి నామోషీ పడుతున్నాడు, వాళ్లమ్మాయి దగ్గర సరైన జవాబు ఉంటుందేమోనని భయం కావచ్చు.

పనిలో పనిగా ఇంకో గందరగోళం కూడా తీర్చేస్తాను. మా వీధిలో ఒకాయన "విశాఖలో మారిటైం యూనివర్సిటీ క్యాంపస్ ఉంది కదా, అక్కడ చేర్పించేయండి" అన్నారు. అది ఓడల చదువండీ. పేరులో సముద్రం కనిపిస్తే చాలు అన్నీ ఒకే బుట్టలో వేసేస్తున్నాం.

ఇక ఎమ్మెస్సీ కాలేజీల సంగతి. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీకి ఈ విషయంలో పాత పేరుంది. 1952లో అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త వచ్చి అక్కడి వాళ్లతో కలిసి బంగాళాఖాతం మీద పరిశోధన మొదలుపెట్టారు, జువాలజీలో పి.ఎన్.గణపతి గారి కాలంలో విశాఖ తీరపు జీవుల మీద చాలా పని జరిగింది. ఇప్పుడు మెరైన్ లివింగ్ రిసోర్సెస్ అని ప్రత్యేక విభాగమే ఉంది. ఆ ఊళ్లో చదివితే ఇంకో లాభం, ఒక్క ఊళ్లోనే జాతీయ సముద్ర అధ్యయన సంస్థ ప్రాంతీయ కేంద్రం, సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా స్థావరం, పెద్ద ఫిషింగ్ హార్బర్ ఉన్నాయి. ప్రాజెక్టు కోసం గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కోవాలన్నా తిరగడానికి గుమ్మాలు ఉండాలి కదా. నెల్లూరు విక్రమ సింహపురి యూనివర్సిటీలో కూడా మెరైన్ బయాలజీ ఉంది, చుట్టూ రొయ్యల చెరువులు, ఇటు పులికాట్. మన జిల్లా వాళ్లకి సరిహద్దు దాటితే బరంపురం యూనివర్సిటీ ఉంది, చిలికా సరస్సు దగ్గర. సోంపేట, ఇచ్ఛాపురం పిల్లలకి విశాఖ కంటే అదే దగ్గర.

దూరం పంపడానికి ధైర్యం ఉంటే తమిళనాడులో చిదంబరం దగ్గర పరంగిపేట. అన్నామలై యూనివర్సిటీ వాళ్ల మెరైన్ బయాలజీ కేంద్రం అక్కడ వెల్లార్ నది సముద్రంలో కలిసే చోటే ఉంది, కాస్త దూరంలో పిచ్చావరం మడ అడవులు. చిన్న ఊరు, సినిమా లేదు, షాపింగ్ లేదు, సాయంత్రం అయితే దోమలు. మెరైన్ బయాలజీ చదవడానికి ఇంతకంటే మంచి ఊరు నాకు తెలియదు. కొచ్చిలో కుసాట్ (కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం) ఉంది, వాళ్ల ప్రవేశ పరీక్ష వేరే రాయాలి. ఆ ఊళ్లోనే సీఎంఎఫ్ఆర్ఐ ప్రధాన కార్యాలయం, చేపల సాంకేతికత మీద పనిచేసే సిఫ్ట్, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా, అన్నీ. పగడపు దిబ్బల పిచ్చి ఉన్నవాళ్లకి ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌లో పాండిచ్చేరి యూనివర్సిటీ విభాగం ఉంది, సీయూఈటీ పీజీతో సీటు. ఇక్కడ ఒక మాట, మన ఆంధ్రా తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రుకి నీళ్లు మసకగా ఉంటాయి, పగడాలకి అది గిట్టదు. దేశంలో పెద్ద దిబ్బలు అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, అంతే. మీరు ఫొటోలో వేసిన ఆ నీలం నీళ్లు చూసి కాకినాడ వెళితే బురద కనిపిస్తుంది. ఆ బురదలోనే కోరింగ మడ అడవులు ఉన్నాయి, బావురుపిల్లి ఉంది, ఒక జీవితానికి సరిపడా పని ఉంది, అది వేరే సంగతి.

ఇన్ని పేర్లు చెప్పాను కానీ ర్యాంకులు చూసి వీటిలో ఒకటి ఎంచుకోమని చెప్పను. ఆ ర్యాంకులు మొత్తం యూనివర్సిటీకి ఇస్తారు, మనం చేరేది ఒక విభాగంలో, పదిమందో ఇరవైమందో ఉండే క్లాసులో. చేరేముందు ఒకసారి వెళ్లి, ఆఫీసులో కాకుండా క్యాంటీన్‌లో రెండో ఏడాది పిల్లల పక్కన కూర్చుని అడగాలి. ఏడాదికి ఎన్ని రోజులు నీళ్ల మీదకి తీసుకెళతారు? విభాగానికి సొంత పడవ ఉందా, ఉంటే అది కదులుతుందా? ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) పట్టే వలలు చిరిగిపోయి గోడకి వేలాడుతున్నాయా, తడిసి ఉన్నాయా? తడిసిన వల కనిపిస్తే సగం సీటు ఖాయం చేసుకోవచ్చు. చేప పిల్లని, పురుగుని చేతిలో పెడితే జాతి పేరు చెప్పగలిగే మాస్టారు ఎంతమంది ఉన్నారు? ఈ రోజుల్లో డీఎన్ఏ తీసి యంత్రంలో పెట్టేవాళ్లు దొరుకుతున్నారు, పాలీకీట్ పురుగుని మైక్రోస్కోప్ కింద చూసి పేరు చెప్పేవాళ్లు కరువైపోయారు. అలాంటి మాస్టారి దగ్గర రెండేళ్లు ఉంటే ఆ విద్య జీవితాంతం అన్నం పెడుతుంది. నాకు మూడేళ్లు పెట్టింది.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి. పడవలోకి అమ్మాయిలని ఎక్కిస్తారా?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, నాకు మాత్రం కాదు. నేను చదివినచోట (పేరు వద్దు) తొలి ఫీల్డ్ ట్రిప్‌కి తెల్లవారుజామున 4 గంటలకి అందరం జెట్టీకి వెళ్లాం. అబ్బాయిలు పడవెక్కారు. మా నలుగురు అమ్మాయిలని మాస్టారు "మీరు ఇక్కడే ఉండి ల్యాండింగ్ సెంటర్లో చేపలు లెక్కపెట్టండమ్మా" అని ఒడ్డున వదిలేశారు. మరబోటు సరంగు ఆడవాళ్లని ఎక్కించుకుంటే వేట పడదన్నాడట. సరంగుకి ఒక నమ్మకం ఉండొచ్చు, పరీక్షలో సముద్రపు నీటి నమూనా తీసే పద్ధతి రాయాల్సింది మాత్రం మేము కూడా. ఆ ఏడాది ఆరు ట్రిప్పులు జరిగాయి, ఆరుసార్లూ మేం ఒడ్డునే. చందువలు, వంజరాలు, కవళ్లు తూకం వేయడంలో ఆరితేరిపోయాం, బుట్టలు మోసే ఆడవాళ్లతో స్నేహం కుదిరింది, ఏ చేప ఏ నెలలో గుడ్లతో వస్తుందో వాళ్లే చెప్పారు, నిజానికి అది పుస్తకం కంటే మంచి పాఠం. కానీ మొదటిసారి నిజంగా సముద్రంలోకి వెళ్లింది కన్సల్టెన్సీలో చేరాక, 26 ఏళ్ల వయసులో. గ్రాబ్ అని ఒక ఇనుప దవడ లాంటిది ఉంటుంది, తాడు కట్టి అడుక్కి దించితే పిడికెడు బురద పట్టుకొస్తుంది. దాన్ని ఎలా దించాలో నాకంటే డిప్లొమా చేసిన కుర్రాడికి బాగా తెలుసు. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాస్ నేను, తాడు పట్టుకోవడం వాడి దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు చాలాచోట్ల పరిస్థితి మారిందని మా విద్యార్థినులు చెబుతున్నారు. సంతోషమే, అయినా అడగండి.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను, టెన్షన్ పెట్టాలని కాదు. మన తీరంలో ఎమ్మెస్సీ అవగానే చేతికి అందే పని రొయ్యల హేచరీ. భోగాపురం నుంచి నెల్లూరు దాకా తీరం పొడవునా ఉన్నాయి. నేను చేరినప్పుడు టైగర్ రొయ్య, 2009లో వనామీ అనే విదేశీ రకం వచ్చాక దాదాపు మొత్తం దానికే మారిపోయింది. తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో వచ్చి చెన్నైలో క్వారంటైన్ అయి హేచరీకి చేరతాయి. ఆడ రొయ్య కంటికాడ ఒకటి నొక్కి తీసేస్తే తొందరగా గుడ్లకి వస్తుంది, మొదటి రోజు నాతో ఆ పని చేయించారు, ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. తర్వాత పిల్ల ఎదిగే దశలు, నాప్లీ, జోయా, మైసిస్, పీఎల్, ఒక్కో దశకి ఒక్కో మేత, మూడు నాలుగు గంటలకోసారి లేచి ట్యాంకులు చూడాలి. పండగలు, పెళ్లిళ్లు ఏవీ ఉండవు. సీడ్ (రొయ్య పిల్ల) బాగా వస్తే యజమాని బోనస్ ఇస్తాడు, ట్యాంకుల్లో విబ్రియో అనే బాక్టీరియా వచ్చి రాత్రికి రాత్రి పిల్ల పోయిందంటే ఆ నెల జీతం కూడా అనుమానమే. నా మొదటి జీతం 5,500 రూపాయలు, భోజనం వాళ్లదే. ఇప్పుడు అంత తక్కువ కాదు, మంచి టెక్నీషియన్‌కి బాగానే ఇస్తున్నారు, కానీ ఆ బతుకు మార్కెట్‌కి ముడిపడి ఉంటుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చూశాం కదా. మన రొయ్యలకి పెద్ద కొనుగోలుదారు ఆ దేశమే, చెరువు దగ్గర ధర పడితే రైతు సీడ్ వేయడు, సీడ్ అడిగేవాడు లేకపోతే హేచరీలో కుర్రాళ్లని ఇంటికి పంపుతారు. వాషింగ్టన్‌లో సంతకం పెడితే భీమిలి దగ్గర ఎమ్మెస్సీ కుర్రాడి గుండె గుబేలుమంటుంది. దీన్ని కూడా మీ చదువుల పేజీలో రాయొచ్చు.

తర్వాతది కన్సల్టెన్సీ. పోర్టు కట్టాలన్నా, సముద్రంలోకి పైపు వేయాలన్నా 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక ఇవ్వాలి, అందులో ఆ నీళ్లలో ఏమేం జీవులున్నాయో రాయాలి. మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం, ఇన్ని పోర్టులు వస్తున్నాయంటే జీవులని గుర్తుపట్టేవాళ్లకి పని ఉంటుంది. పని ఉంటుంది కానీ మనశ్శాంతి ఉంటుందని చెప్పను. నువ్వు 40 జాతులు చూశానని రాస్తే పై వాళ్లకి తలనొప్పి, నాలుగే రాస్తే నీకు తలనొప్పి. నేను మూడేళ్లకి బయటికి వచ్చేయడానికి జీతం ఒక్కటే కారణం కాదు.

పరిశోధన వైపు వెళ్లాలంటే జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ కావాలి, ఇప్పుడు నెలకి 37,000, మన ఊళ్లో చాలా ఉద్యోగాల కంటే నయం. కానీ దానికి రాసే సీఎస్ఐఆర్ నెట్‌లో మెరైన్ బయాలజీ అని విడిగా పేపర్ లేదు. లైఫ్ సైన్సెస్ రాయాలి, అందులో మొక్కల శరీరధర్మం, ఇమ్యునాలజీ, జన్యువుల సంగతులన్నీ ఉంటాయి, మన సిలబస్‌లో వాటికి ఉండే చోటు తక్కువ. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్ నుంచే పక్కన చదువుకోవాలి. లేదంటే సముద్ర శాస్త్రం వైపు మొగ్గి భూ, వాతావరణ, సముద్ర శాస్త్రాల పేపర్ రాయాలి, దానికి లెక్కలు కావాలి. అన్నట్టు లెక్కలంటే గుర్తొచ్చింది, హైదరాబాద్ పిల్లలు మాకు సముద్రం ఎక్కడిదని అనుకోనక్కర్లేదు. ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్‌లోనే. మన మత్స్యకారులకి చేపలు ఎటువైపు దొరకొచ్చో ఉపగ్రహ చిత్రాలు చూసి చెప్పేది, సునామీ హెచ్చరిక ఇచ్చేది వాళ్లే. సముద్రపు నీటి వేడి, అందులో పచ్చటి ప్లవకాల రంగు, ఈ రెండూ చూసి చేప జాడ చెబుతారు. అలాంటి చోట పని చేయాలంటే ఈత కంటే కంప్యూటర్, గణాంకాలు ముఖ్యం. బైపీసీ పిల్లలం లెక్కలు వదిలించుకున్నామని సంబరపడతాం, అవి వెనకే వచ్చి పట్టుకుంటాయి.

తాబేళ్ల పని గురించి చాలామంది పిల్లలు అడుగుతున్నారు. మన శ్రీకాకుళం, విశాఖ బీచ్‌లకి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టడానికి వస్తాయి, అటవీ శాఖ వాళ్లు గుడ్లు ఏరి సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి పిల్లలని వదులుతారు. అందులో చేరండి, రాత్రంతా ఇసుకలో నడవండి, ఇది మనకి సరిపడుతుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. కానీ అది ఏడాది పొడవునా జీతం ఇచ్చే పని కాదు, స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలు కూడా ప్రాజెక్టు డబ్బులు ఉన్నన్ని రోజులే. పాఠాలు చెప్పే ఉద్యోగం ఉందిగా అంటారా, సర్కారు కాలేజీల్లో మళ్లీ అదే పట్టా పేరు గొడవ. నాది ప్రైవేటు కాలేజీ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, ఆ పట్టించుకోకపోవడం జీతంలో కూడా కనిపిస్తుంది.

విదేశాల సంగతి నేను ఎక్కువ చెప్పను. ఆస్ట్రేలియాలో జేమ్స్ కుక్ యూనివర్సిటీకి పగడాల చదువులో గొప్ప పేరుంది, నిజమే. యూరప్‌లో స్కాలర్‌షిప్ ఇచ్చే ఉమ్మడి మాస్టర్స్ కోర్సులున్నాయి, అది దొరికితే కళ్లకద్దుకుని వెళ్లొచ్చు. పొలం అమ్మి మాత్రం వద్దు. కంప్యూటర్ చదువులా రెండేళ్లలో అప్పు తీర్చే చదువు కాదిది.

సార్, మిమ్మల్ని అడిగేది పెద్ద పనేమీ కాదు. వచ్చేసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు ప్రతి ఉద్యోగం పక్కన ఏ డిగ్రీ అడుగుతారో, ఏ పరీక్ష రాయాలో ఒక వరుస అచ్చువేయండి. ఏపీపీఎస్సీ, ఐబీపీఎస్ పాత నోటిఫికేషన్లు నెట్‌లో ఉంటాయి, మీ విలేకరి ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోయే పని. ఆ వరుస ఉంటే చోటు చాలదంటే డాల్ఫిన్‌ని కాస్త చిన్నది చేయండి.

మొన్న ఆదివారం మా అక్క కూతురిని కళింగపట్నం తీసుకెళ్లాను. వంశధార మొగ దగ్గర మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి నా పాత ప్లాంక్టన్ వల లాగమన్నాను. రెండుసార్లు పడింది, చున్నీ అంతా బురద. ఇంటికొచ్చి ఆ సీసాలో చుక్క తీసి కాలేజీ నుంచి అడిగి తెచ్చిన మైక్రోస్కోప్ కింద పెడితే మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. సాయంత్రం మా బావ వచ్చి తలుపు దగ్గరే నిలబడి "తేలిందా, ఏ కాలేజీ?" అన్నాడు. అది తల ఎత్తకుండానే "నాన్నా, ముత్తుకూరుకి కౌన్సెలింగ్ ఎప్పుడో కనుక్కో, బీఎస్సీ జువాలజీకి కూడా. రెండూ కాగితం మీద పెట్టి అప్పుడు చెబుతా. పిన్నీ, ఈ తోక ఉన్నదాని పేరేంటి?" అంది. కోపీపాడ్ అని చెప్పాను. జాతి పేరు ఏంటని అడిగింది. అది నాకు తెలియలేదు, పుస్తకం వెతుకుతున్నాను.

మీకు ఫొటో కావాలంటే ఆ వల లాగుతున్నప్పుడు తీసింది ఒకటి నా ఫోన్లో ఉంది, మొహం కనిపించదు, పంపిస్తాను.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్,
శ్రీకాకుళం జిల్లా